మాటా మాటా, ఏ ఊరు నీది?

బస్సు డిపో అనే మాటను తెలుగునేల మీద తప్పుగా పలికేవాళ్లు లేరు. బడి గడప తొక్కని ముసలమ్మ కూడా "డిపో కాడ దింపు నాయనా" అంటుంది. ఇంగ్లీషులో ఆ మాట చివర 'టి' అనే అక్షరం ఒకటి ఉందని ఆమెకు తెలియదు. తెలియకపోవడమే మేలయింది. అది ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి వచ్చిన మాట. ఆ 'టి'ని వాళ్లు రాస్తారు గానీ పలకరు.

తరగతిలో చెయ్యెత్తి "సార్, డౌటు" అనే పిల్లవాడూ అంతే. ఆ మాట కడుపులో 'బి' ఉంది. వాడు దాన్ని పలకడు. ఎవరూ పలకరు. పదేళ్లు పోయాక ఆ పిల్లవాడే బ్యాంకు ఉద్యోగంలో చేరి, అప్పు అనే అర్థమున్న ఇంగ్లీషు మాటను 'డెబ్ట్' అంటాడు. సరైన పలుకు 'డెట్'. రెండు మాటల్లోనూ ఉన్నది ఒకే 'బి', ఒకే కారణం వల్ల వచ్చి చేరిన 'బి'. మొదటి మాటను చెవితో నేర్చుకున్నాడు గనక నాలుక దారి తప్పలేదు. రెండోదాన్ని కంటితో నేర్చుకున్నాడు.

ఇంగ్లీషు మన ఊళ్లకు ఈ రెండు దారుల్లోనూ వచ్చింది. రైలు, బస్సు, కోర్టు, సినిమా చెవి దారిన వచ్చాయి. పుస్తకాల్లో ఉండే బరువైన మాటలు, పరీక్షల్లో అడిగే మాటలు కంటి దారిన వచ్చాయి. తెలుగులో చదువుకున్నవాడికి అక్షరమంటే ధ్వని. 'క' కనబడితే 'క' అనడమే అతనికి తెలిసిన నీతి. ఆ నమ్మకంతో ఇంగ్లీషు పుస్తకం తెరిచినవాడిని చూసి నవ్వే లోకం మీద నాకు చాలా ఏళ్లుగా కోపం ఉంది. ఈ కథనం ఆ కోపంలోంచి వచ్చింది.

రాత తత్సమం, పలుకు తద్భవం

అప్పు అనే ఆ మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దానిలో 'బి' లేదు. 'డెట్' అనేవాళ్లు, ఇంచుమించు అలాగే రాసేవాళ్లు. అనుమానానికి 'డూట్' అనేవాళ్లు. 15, 16 శతాబ్దాల్లో లాటిన్ చదువు మీద మోజు పెరిగింది. ఈ మాటలకు లాటిన్ మూలాలు 'డెబిటుమ్', 'డుబితారే' అని పండితులకు తెలుసు. మూలంలో ఉన్న 'బి' మన రాతలో లేకపోతే ఎలా అని దాన్ని తెచ్చి నడుమ కూర్చోబెట్టారు. జనం మాత్రం తాతల నాటి పలుకే పలికారు.

తత్సమం, తద్భవం చదువుకున్న తెలుగువాడికి ఇది చప్పున అర్థమవుతుంది. సముద్రం తత్సమం, సంద్రం తద్భవం. మనం ఏది పలికితే దాన్నే రాస్తాం. ఇంగ్లీషువాళ్లు సముద్రమని రాసి సంద్రమని చదవడానికి అలవాటుపడ్డారు. చెల్లుచీటీ అనే అర్థమున్న 'రిసీట్' మాటలో ఇలాగే 'పి' చేరింది. ఇక్కడొక చిన్న సంగతి చెప్పాలి. మనం వాడే రసీదు ఈ రిసీట్‌కు బిడ్డ కాదు. అది పార్సీ మాట, 'అందింది, చేరింది' అని అర్థం. రెండు మాటలూ రెండు వేర్వేరు దేశాల్లో పుట్టి, ఒకే పని మీద మన గుమాస్తా బల్ల దగ్గర కలుసుకున్నాయి.

ఐలాండ్ కథలో పండితులు పొరబడ్డారు. పాత ఇంగ్లీషులో దీవికి ఉన్న మాటలో 'ఎస్' అనే అక్షరం లేదు, అది లాటిన్ నుంచి వచ్చిందీ కాదు. లాటిన్ 'ఇన్సులా' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన 'ఐల్' అనే వేరే మాట ఉంది. రెండూ ఒకటేననుకుని దాని 'ఎస్'ను దీనికి తగిలించారు. ఆ పొరపాటును ప్రపంచమంతా బళ్లలో ఈనాటికీ వల్లెవేయిస్తున్నారు.

షేక్‌స్పియర్ రాసిన 'లవ్స్ లేబర్స్ లాస్ట్' నాటకంలో హోలోఫెర్నెస్ అనే బడిపంతులు ఉంటాడు. నాటకం 1598లో అచ్చయింది. డౌట్, డెట్ మాటల్లో 'బి' వదిలేసి పలికేవాళ్లంటే ఈ పంతులుకు ఒళ్లు మంట. రాసిన అక్షరాన్నల్లా పలకాలంటాడు. నాటకం అతని పాండిత్యాన్ని ఆటపట్టిస్తుంది. మన బ్యాంకు కుర్రాడు పలికిన 'డెబ్ట్' 400 ఏళ్ల కిందట లండన్ రంగస్థలం మీద వినబడిన పలుకే. పంతులు పాండిత్యం చూపించడానికి అలా పలికాడు, మన కుర్రాడు ఎవరూ చెప్పక అలా పలికాడు. నాకు ఆ తేడా పెద్దది.

ఇంకో సంగతి కూడా ఉంది. పండితులు చొప్పించిన అక్షరాలు కొన్ని చోట్ల నాలుకను గెలిచాయి. తప్పు అనే అర్థమున్న 'ఫాల్ట్' ఒకప్పుడు 'ఫాట్' లాంటిదే. లాటిన్ పేరు చెప్పి 'ఎల్' చేర్చారు. కొన్నాళ్లకు ఇంగ్లీషువాళ్లే దాన్ని చూసి చూసి పలకడం మొదలుపెట్టారు. 'పర్ఫెక్ట్' మొదట్లో 'పార్ఫిట్', 'అడ్వెంచర్' మొదట్లో 'అవెంచర్'. అంటే కంటితో చదివి పలికే అలవాటు ఆ భాష పుట్టిన గడ్డమీదే ఉంది. వాళ్లు చేస్తే భాష మారిందంటారు, మన పిల్లలు చేస్తే ఉచ్చారణ రాదంటారు.

రాతకూ పలుకుకూ ఇంత దూరం రావడానికి పండితులే కారణమంటే అన్యాయమవుతుంది. విలియం కాక్స్‌టన్ 1476లో లండన్ పక్కన వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. పుస్తకాలు అచ్చయ్యేకొద్దీ అక్షరక్రమం గట్టిపడుతూ వచ్చింది. సరిగ్గా అదే కాలంలో, సుమారు 1400 నుంచి 1700 వరకు, ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ చోటు మారాయి. వీరుడు అనే అర్థమున్న 'నైట్' మాటలో 'కె', 'జిహెచ్' అక్షరాలను ఒకప్పుడు నోరారా పలికేవాళ్లు. పేరు అనే అర్థమున్న 'నేమ్'ను 1400 ప్రాంతంలో దాదాపు 'నామ' అనేవాళ్లు. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న నామానికి అది దాయాది మాటే. ఇల్లు కదిలింది గానీ గుమ్మం మీద పేరు పలక పాతదే ఉండిపోయింది.

మన రాత మాత్రం అచ్చంగా పలుకేనా అంటే, జ్ఞానం అనే మాటను ఒకసారి పైకి అనండి. రాసింది 'జ' కింద 'ఞ'. మన నోట వచ్చేది 'గ్న్యానం'. బ్రహ్మలో రాసింది హకారం కింద మకారం, పలికేది మకారం కింద హకారం. చిహ్నమూ అంతే. ఈ మాటలను ఏ తెలుగు పిల్లవాడూ తప్పు పలకడు, ఎందుకంటే పుస్తకం తెరవకముందే వాటిని విన్నాడు.

కర్నైల్ సింగ్ చెప్పిన పాఠం

తెలుగు పత్రికలన్నీ సైన్యంలో ఒక హోదాను 'కల్నల్' అని అచ్చువేస్తాయి. ఇంగ్లీషులో దాని పలుకు 'కర్నల్'. రాతలో 'ఆర్' అనే అక్షరం మచ్చుకైనా లేదు. అది ఇటలీ మాట. దళపు వరుసకు ముందు నడిచేవాడు 'కొలొనెల్లో'. ఫ్రెంచివాళ్ల నోట్లో రెండు లకారాలు పక్కపక్కన ఇమడక మొదటిది రకారమై 'కొరొనెల్' అయింది. ఇంగ్లీషువాళ్లు 16వ శతాబ్దంలో ఆ రూపాన్నే తీసుకున్నారు. తర్వాత ఇటలీ మూలాన్ని చూసి రాత దిద్దుకున్నారు, పలుకు దిద్దుకోలేదు.

పంజాబులో కర్నైల్ సింగ్ అనే పేరు పెట్టుకుంటారు. జర్నైల్ సింగ్ అనే పేరూ ఉంది. ఒకటి కర్నల్, ఇంకోటి జనరల్. తెల్లదొర కవాతు మైదానంలో అరిచిన మాటను సిపాయిలు చెవితో పట్టుకుని ఇళ్లకు తీసుకెళ్లారు. ఇంగ్లీషు అక్షరం ముక్క రానివాళ్లు 'ర'ను నిలబెట్టారు. ఇంగ్లీషు చదువుకుని వార్తలు అనువదించిన మనం 'ల' రాశాం. 'లెఫ్టినెంట్' దగ్గర మనమూ చెవినే నమ్మాం. ఆ మాటను అక్షరాలను బట్టి చదివితే 'ఫ' రావడం అసాధ్యం. అది బ్రిటిష్ పలుకు. అమెరికాలో 'లూటెనెంట్' అంటారు. ఒకరి చోట ఉండి పనిచేసేవాడు, మన మాటలో చెప్పాలంటే బదులు మనిషి, అని ఫ్రెంచిలో దాని అర్థం.

కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాళ్లకు 'కేడెట్ కోర్' అనడం అలవాటు. ఆ 'కోర్'లో పలకని అక్షరాలు రెండున్నాయి. వాటిని పలికితే శవం అనే అర్థమున్న 'కార్ప్స్' దగ్గరికి వెళ్లిపోతాం. 'క్యూ'లోనైతే మొదటి అక్షరం తర్వాత నాలుగు అక్షరాలు ఊరికే నిలబడి ఉంటాయి. ఫ్రెంచిలో దానికి తోక అని అర్థం. తిరుమల కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో గంటలకొద్దీ నిలబడినవాళ్లకు ఆ అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు.

ప్లంబర్ దగ్గర మాత్రం మనం కంటిని నమ్మాం. ఇంగ్లీషులో 'ప్లమర్', 'బి' పలకరు. లాటిన్‌లో సీసానికి 'ప్లుంబుమ్' అని పేరు. పాతకాలంలో నీటిగొట్టాలు సీసంతో చేసేవాళ్లు కాబట్టి ఆ పనివాడికి ఆ పేరు వచ్చింది. రసాయనశాస్త్రంలో సీసానికి 'పీబీ' అనే గుర్తు ఎందుకో తొమ్మిదో తరగతిలో మాకెవరూ చెప్పలేదు. ఆ 'బి' ప్లంబర్‌లో ఉన్న 'బి'యే.

ఒక గ్రీకు మాట, ఒక నవ్వు

నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా ఒక వక్తృత్వ పోటీకి వెళ్లాను. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవాణ్ణి. నెల రోజులు గ్రంథాలయంలో కూర్చుని ఉపన్యాసం రాసుకున్నాను. అందులో ఒక గొప్ప మనిషిని త్యాగానికి నిలువెత్తు రూపమని చెప్పడానికి ఒక మాట వాడాను. నాకు తెలిసిన ప్రకారం అది 'ఎపిటోమ్'. న్యాయనిర్ణేతల్లో ఒకాయన పక్కాయన చెవిలో ఏదో చెప్పాడు. ఇద్దరూ నవ్వారు. మైకులో ఆ నవ్వు వినబడింది. ముందు వరుసల్లో ఉన్నవాళ్లు కారణం తెలియకుండానే నవ్వారు. ఉపన్యాసంలో మిగతా భాగం నాకు గుర్తుకు రాలేదు. కిందికి దిగాక కూడా సరైన పలుకేమిటో ఎవరూ చెప్పలేదు. తప్పు పట్టడం వాళ్లకు తేలిక, ఒప్పు చెప్పడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

మర్నాడు గ్రంథాలయంలో పెద్ద నిఘంటువు తీశాను. మాట పక్కనే పలుకు ఇచ్చారు: 'ఇపిటమీ'. రెండో అక్షరం మీద ఊనిక. పక్కనే మూలం: గ్రీకు. గ్రీకు నుంచి వచ్చిన ఇలాంటి మాటల్లో చివరి 'ఇ' నిద్రపోదు, 'ఈ' అని పలుకుతుంది. విపత్తు అనే అర్థమున్న 'కెటాస్ట్రఫీ' అలాంటిదే. 'అపాస్ట్రఫీ' అలాంటిదే. అతిశయోక్తికి ఇంగ్లీషు పేరు చూసి చాలామంది 'హైపర్‌బోల్' అంటారు. అదీ గ్రీకే, 'హైపర్బలీ'. ఒక్క మాట ఊరు తెలిసింది, దాంతో పది మాటల నోళ్లు తెరుచుకున్నాయి.

అన్నింటికన్నా నన్ను కదిలించింది 'రెసిపీ'. వంటల కార్యక్రమాలు చూసే ప్రతి ఇల్లాలూ ఆ మాటను సరిగ్గానే పలుకుతుంది. దాని చివరా అదే 'ఇ'. అయితే అది లాటిన్. 'తీసుకో' అని అర్థం. పాతకాలపు వైద్యుడు మందుచీటీలో మొదటి మాటగా 'రెసిపె' అని రాసేవాడు: ఫలానాది ఇంత తీసుకో, ఫలానాది ఇంత కలుపు. మందుచీటీ తలమీద ఇవాళ్టికీ కనబడే 'ఆర్ఎక్స్' గుర్తు ఆ మాటకు పొట్టిరూపమే. వైద్యుడి చీటీ నుంచి అది వంటింటికి నడిచొచ్చింది.

మందుల పేర్లు నేర్పిన రోజులు

మందుచీటీ అన్నాను గనక 2021 నాటి కరోనా వేసవి గుర్తుకొస్తోంది. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ విశాఖలోనూ జనం మందుల దుకాణాల ముందు చీటీలు పట్టుకుని తిరిగారు. రెమ్‌డెసివిర్, టోసిలిజుమాబ్, పోసకోనజోల్. ఇంగ్లీషు పేపరు ఎన్నడూ చదవనివాళ్లు ఆ పేర్లను పొల్లు పోకుండా పలికారు. తండ్రి కోసం, భార్య కోసం, ఫోన్‌లో అవతలి మనిషికి వినబడేలా ఒక్కో అక్షరం ఒత్తి పలికారు. ఉచ్చారణ గురించి ఎవరూ నవ్వని రోజులవి.

ఆ మే నెలలో అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్ ఈ పేర్లన్నీ ట్విటర్‌లో వరసగా రాసి, నోరు తిరగని ఈ పేర్ల వెనుక, పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలకు పేరుపడ్డ ఎంపీ శశి థరూర్ హస్తం ఉందేమోనని సరదాగా అనుమానపడ్డారు. థరూర్ తన జవాబులో 29 అక్షరాల మాటను వాడారు: ఫ్లాక్సినాసినైహిలిపిలిఫికేషన్. చూడగానే భయపెట్టే ఈ మాటను విడదీస్తే నాలుగు లాటిన్ మాటలు దొరుకుతాయి. ఫ్లాక్సి అంటే ఉన్నిపోగు, నాసి అంటే అల్పమైనది, నైహిలి అంటే శూన్యం, పిలి అంటే వెంట్రుక. నాలుగింటికీ లాటిన్ వ్యాకరణ పాఠంలో ఒకటే తాత్పర్యం: విలువ లేనిది. మన గడ్డిపోచ, పూచికపుల్ల, చిల్లిగవ్వ, వెంట్రుకముక్క కలిపి ఒకే సమాసం చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. దేన్నైనా పూచికపుల్లలా తీసిపారేయడం అని అర్థం. విలియం షెన్‌స్టోన్ అనే కవి 1741లోనే దీన్ని ఒక ఉత్తరంలో వాడాడు. నాలుగు ముక్కలుగా విరిచి, 'ఫికేషన్'లోని 'కే' మీద ఊనిక పెట్టి చదివితే ఏడో తరగతి పిల్లలు కూడా పలకగలరు.

మందుల పేర్లు కూడా అలా విరిగేవే. 1953 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ మందులకు అంతర్జాతీయ సామాన్య నామాల జాబితాలు ప్రకటిస్తోంది. ఆ పేర్ల తోకలకు అర్థం ఉంటుంది. చివర 'విర్' ఉంటే అది వైరస్ మీద పనిచేసేది. 'కోనజోల్' ఉంటే శిలీంధ్రాల మీద పనిచేసేది. 'మాబ్' ఉంటే మోనోక్లోనల్ యాంటీబాడీ. టోసిలిజుమాబ్‌లో 'మాబ్' ముందున్న 'జు' ఆ యాంటీబాడీని మనిషి దేహానికి నప్పేలా మలిచారని చెబుతుంది. ఇంటిపేరు చివర్న వస్తుందన్నమాట. మోల్నుపిరావిర్ అనే మాత్ర పేరు వెనుక నార్వే, స్వీడన్ ప్రాంతాల పురాణం ఉంది. పిడుగుల దేవుడు థోర్ చేతి సుత్తి పేరు మ్యోల్నిర్. వైరస్ నెత్తిన సుత్తి దెబ్బ అని తయారుచేసినవాళ్ల ఊహ. ఎన్ని మందుల కంపెనీలున్న నగరం హైదరాబాద్! ఈ తోకల సంగతి ఫార్మసీ విద్యార్థులకే కాకుండా అందరికీ తెలిస్తే చీటీ అంత పరాయిగా అనిపించదు.

మందుల పేర్లే కాదు, జబ్బు పేరు మలేరియా కూడా పరాయి మాటే. ఇటలీ భాషలో 'మల ఆరియా' అంటే చెడు గాలి. చిత్తడి నేలల గాలి వల్లే ఆ జ్వరం వస్తుందని పూర్వం నమ్మేవాళ్లు. కారణం గాలి కాదు, దోమ. ఆ రుజువు దొరికింది సికింద్రాబాద్‌లో. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ బేగంపేటలో దోమ పొట్టలో ఆ పరాన్నజీవిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మాట మాత్రం ఇప్పటికీ చెడు గాలి అనే చెబుతోంది.

మన నోట్లో ఉన్నవి, లేనివి

'పిజ్జా' అని బోర్డు రాస్తాం. ఇటలీ పలుకు 'పీట్సా'. ఆ 'ట్స' మనకు రాని ధ్వని అనుకోవద్దు. చాపలోని 'చ', చుక్కలోని 'చు', చొక్కాలోని 'చొ' ఒకసారి పలికి చూడండి. నాలుక దంతాలకు తగిలి వచ్చే దంత్య చకారం అది. చిలకలోని 'చి' వేరు. పీట్సా నడుమ ఉన్నది చాపలోని 'చ'యే. అలాగే 'జూ', 'జీరో' మాటల మొదట్లో ఉండే ధ్వని జీలకర్రలోని 'జీ' కన్నా జొన్నలోని 'జొ'కు దగ్గర. ఇవి తరతరాలుగా మన నోళ్లలో ఉన్నాయి. రెండు 'జెడ్'లు కంటికి కనబడగానే మనం వాటిని మరిచిపోయాం.

నిజంగా మనకు లేనిది ఇంకోటి ఉంది. ఇంగ్లీషులో అన్నింటికన్నా ఎక్కువగా వినబడే అచ్చుకు తెలుగులో అక్షరం లేదు. 'అబౌట్' మొదట్లో, 'టీచర్' చివర్లో వచ్చే ఆ సగం 'అ'. పెదవులు కదలకుండా, నోరు సగం తెరిచి వదిలే గాలి లాంటిది. ఊనిక పడని చోటల్లా ఇంగ్లీషు అచ్చులు దీనిలోకి కరిగిపోతాయి. మనం తెలుగువాళ్లం, ప్రతి అచ్చుకూ దాని న్యాయం దానికి చేస్తాం. 'వెజిటేబుల్' అని నాలుగు అచ్చులూ నిండుగా పలుకుతాం. వాళ్లు 'వెజ్టబ్‌ల్' అని సగం మింగేస్తారు.

పద్యం చదివినవాళ్లకు గురువు, లఘువు తెలుసు. ఇంగ్లీషు మాటలోనూ ఒక అక్షరం గురువులా బరువుగా ఉంటుంది, మిగిలినవి తేలిపోతాయి. మన గురువును అక్షరాన్ని చూసి గుర్తుపట్టొచ్చు. వాళ్లది మాటను బట్టి ఉంటుంది. 'ఫొటోగ్రాఫ్'లో బరువు మొదటి అక్షరం మీద, 'ఫొటాగ్రఫర్'లో రెండోదాని మీద, 'ఫొటోగ్రాఫిక్'లో మూడోదాని మీద. నిఘంటువులో మాట మీద ఉండే చిన్న నిలువు గీత ఆ బరువును చూపించేదే. బడిలో ఆ గీత గురించి ఒక్క గంట చెప్పినా చాలు, చాలా మాటలు సర్దుకుంటాయి.

ఇక్కణ్నుంచి వెళ్లినవి

రాకపోకలు ఒకవైపే సాగలేదు. పొలం గట్ల కింద బొరియలు తవ్వి ధాన్యం దాచుకునే పందికొక్కు తెలుగుదేశం నుంచి బయల్దేరి 18వ శతాబ్దంలోనే ఇంగ్లీషులోకి వెళ్లింది. అక్కడ దాని పేరు 'బ్యాండికూట్'. మొదటి పకారం బకారమైంది, 'కొక్కు' 'కూట్' అయింది. తెల్లవాళ్లు ఆస్ట్రేలియాలో పొడుగు ముక్కున్న, పొట్ట సంచిలో పిల్లల్ని మోసే ఒక జంతువును చూసి దానికీ అదే పేరు పెట్టారు. దానికీ మన పందికొక్కుకూ ఏ చుట్టరికమూ లేదు. శాస్త్రవేత్తలు మన జీవి ప్రజాతికి 'బ్యాండికోటా' అని లాటిన్ వేషం వేశారు. 1996లో 'క్రాష్ బ్యాండికూట్' అనే వీడియో గేమ్ వచ్చింది. కేరళలో మ్యాన్‌హోళ్లలోకి మనుషులు దిగాల్సిన అవసరం లేకుండా శుభ్రం చేసే రోబోకు బ్యాండికూట్ అని పేరు పెట్టారు. పల్లెటూరి రైతు తిట్టుకునే ప్రాణి ఇన్ని దేశాలు తిరిగింది.

గోల్కొండ ఇంగ్లీషు నిఘంటువులో చిన్న అక్షరంతో మొదలయ్యే నామవాచకం. తరగని సంపద గని అని అర్థం. 'గాల్‌కాండ' అని పలుకుతారు. నిజానికి వజ్రాలు కోట దగ్గర తవ్వినవి కావు. కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల తవ్వి గోల్కొండలో అమ్మేవాళ్లు. అమెరికాలో ఇలినాయి రాష్ట్రంలో ఒక గోల్కొండ ఉంది, నెవాడాలో ఇంకొకటి ఉంది.

మన భాషకే వాళ్లు ఒక పేరు పెట్టారు: 'జెంటూ'. అన్యమతస్థుడు అనే అర్థమున్న పోర్చుగీసు మాట నుంచి వచ్చింది. మద్రాసులో ఈస్టిండియా కంపెనీవాళ్లు జెంటూ అంటే తెలుగే. ఎ.డి. క్యాంప్‌బెల్ 1816లో అచ్చువేసిన తెలుగు వ్యాకరణం పేరులోనే, ఈ భాషను సాధారణంగా జెంటూ అంటారని ఉంది. వందేళ్లకు పైగా మనల్ని తప్పు పేరుతో పిలిచిన భాష ఇంగ్లీషు. మనం దాని మాట ఒకటి తప్పు పలికితే తల దించుకోవాలా?

ఆ పిల్లలు అడిగే ప్రశ్న

అమెరికాలో 1925 నుంచి జాతీయ స్పెల్లింగ్ బీ జరుగుతోంది. వేదిక మీద పిల్లవాడికి మాట రాసి ఇవ్వరు, పలికి వినిపిస్తారు. విని, అక్షరాలు చెప్పాలి. ఇది మన కష్టానికి తిరగేసిన రూపం. మనకు అక్షరాలు కనబడతాయి, పలుకు తెలియదు. వాళ్లకు పలుకు వినబడుతుంది, అక్షరాలు తెలియవు. అప్పుడు ఆ పిల్లలు ఏం చేస్తారో చూడండి. అర్థం అడుగుతారు. వాక్యంలో వాడి చెప్పమంటారు. ఇంకో పలుకు ఉందా అంటారు. వీటితో పాటు ఒక ప్రశ్న తప్పక వినబడుతుంది: ఈ మాట ఏ భాష నుంచి వచ్చింది?

న్యూయార్క్‌లో పెరిగిన తెలుగు కుర్రాడు అరవింద్ మహంకాళి 2011లోనూ 2012లోనూ మూడో స్థానంతో ఆగిపోయాడు. రెండుసార్లూ అతన్ని పడగొట్టినవి జర్మన్ మూలమున్న మాటలు. 2013లో గెలిచాడు. గెలిపించిన మాట 'కనేడల్'. సూప్‌లో వేసే పిండి ఉండ. యూదుల యిడ్డిష్ భాషది, ఆ మాటకు పునాది మళ్లీ జర్మనే. రాతలో మొదటి రెండు అక్షరాలు 'కెఎన్'. నైఫ్‌లోనూ నైట్‌లోనూ 'కె' మూగది. ఇక్కడ 'కె' పలుకుతుంది. ఎందుకంటే ఇది వేరే ఇంటి నుంచి వచ్చింది. జర్మన్ ఇళ్లలో 'కె' మూగబోలేదు. 2024లో తెలంగాణ మూలాలున్న 12 ఏళ్ల బృహత్ సోమ 90 సెకన్లలో 29 మాటలకు సరైన అక్షరాలు చెప్పి గెలిచాడు. చివరగా అతన్ని గెలిపించిన మాట 'ఆబ్‌సైల్'. తాడు పట్టుకుని కొండ దిగడం. అదీ జర్మనే. 'సైల్' అంటే తాడు.

ఈ పిల్లల జ్ఞాపకశక్తిని అందరూ మెచ్చుకుంటారు. నేను వాళ్ల ప్రశ్నను మెచ్చుకుంటాను. కొత్తగా ఎదురైన మాటను ఊరు పేరు అడిగి కూర్చోబెట్టి, తర్వాత మాట్లాడతారు. మన పల్లెల్లో కొత్త మనిషి వస్తే అరుగు మీద కూర్చున్న పెద్దాయన చేసే పనీ ఇదే. "ఏ ఊరు బాబూ మనది? ఎవరింటికి?" ఆ రెండు సంగతులు తెలిస్తే ఎలా పలకరించాలో ఆయనకు తెలిసిపోతుంది.

నా ఉపన్యాసం విని నవ్విన ఆ పెద్దమనుషుల మీద ఇప్పుడు నాకు కోపం తగ్గింది. అయితే ఊళ్లలో కళాశాల పోటీలకు నన్ను న్యాయనిర్ణేతగా పిలిచినప్పుడు ఒక పని చేస్తాను. ఎవరైనా పిల్ల 'హైపర్‌బోల్' అంటే చీటీ మీద ఆ మాట, దాని సరైన పలుకు, కింద 'గ్రీకు' అని రాసి, కార్యక్రమం అయిపోయాక ఆమె చేతిలో పెడతాను. ఇలా చీటీ అందుకున్న ఒకమ్మాయి ఆ మధ్య నన్ను ఆపి అడిగింది: "సార్, తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాట ఒక్కటైనా ఉందా?" పందికొక్కు కథ చెప్పాను. ఆమె నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "అయితే ఆ అమెరికా పోటీలో బ్యాండికూట్ మాట వచ్చి, పిల్లవాడు ఏ భాష అని అడిగితే, వాళ్లు ఏమని చెప్పాలి సార్?" అంది.

"తెలుగు అని చెప్పాలమ్మా."

ఆమె చీటీ తిప్పి, వెనక వైపు ఆ మాట రాసుకుంది.